హైదరాబాద్ పడమటి అంచున లావా నేల: శరదృతువులో వికారాబాద్, అనంతగిరి ప్రాంతంపై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ నివాసికి రాయి అనగానే గోల్కొండ, బంజారాహిల్స్ గ్రానైట్ గుండ్లే గుర్తుకు వస్తాయి. అయితే నగరం నుంచి పడమరగా రెండు గంటల లోపు ప్రయాణం చేస్తే, ప్రపంచంలోని అతి విశాలమైన లావా భూముల్లో ఒకదాని అంచు మీద నిలబడవచ్చు. వానలు వెనుదిరిగి ఆకాశం తేటపడే ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో ఆ అంచును చూడదలచినవారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

హైదరాబాద్‌కు ఇంత దగ్గరలో నిజంగా అగ్నిపర్వత ప్రాంతం ఉందా?

ఉంది. వికారాబాద్, అనంతగిరి, మర్పల్లి, జహీరాబాద్ పరిసరాల్లో కనిపించే నల్లరాయి బసాల్ట్, అంటే గడ్డకట్టిన లావా. భూగర్భ శాస్త్రవేత్తలు దక్కన్ ట్రాప్స్ అని పిలిచే మహా లావా భూమికి ఇది ఆగ్నేయపు అంచు. ఆ లావా నేటికీ మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక, తెలంగాణ రాష్ట్రాలలో కలిపి సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల నేలను కప్పి ఉంది. కోట్ల ఏళ్ల వానలకూ నదులకూ కొట్టుకుపోయిన భాగాన్ని, అరేబియా సముద్రం కింద మునిగిన భాగాన్ని కలుపుకుంటే అసలు విస్తీర్ణం ఇంతకంటే చాలా ఎక్కువ. దీని వయసు సుమారు 6.6 కోట్ల సంవత్సరాలు. అందులో అత్యధిక భాగం 10 లక్షల ఏళ్ల లోపే బయటికి వచ్చిందని నేటి కాలనిర్ణయాలు చెబుతున్నాయి. మన రాష్ట్రంలో ఈ నల్లరాయి నారాయణఖేడ్, ఆదిలాబాద్ వైపు కూడా విస్తరించి ఉన్నప్పటికీ, నగరవాసికి అందుబాటులో ఉన్నది వికారాబాద్ అంచే.

అయితే అగ్నిపర్వతం ఎక్కడ ఉంది? శిఖరం గానీ, ముఖం గానీ ఎందుకు కనబడదు?

అగ్నిపర్వతం అనగానే నిప్పులు చిమ్మే కొండను ఊహించుకోవడం సహజం. దక్కన్ లావా అటువంటి కొండ నుంచి పొంగినది కాదు. భూమి పైపొర పొడవైన పగుళ్లుగా చీలినప్పుడు, 1,100 నుంచి 1,200 డిగ్రీల సెల్సియస్ వేడితో పలుచగా పారే లావా ఆ చీలికల వెంబడి పైకి వచ్చి, పల్లపు ప్రాంతాలను నింపుకుంటూ వందల కిలోమీటర్లు విస్తరించింది. ఒక పొర చల్లారిన తరువాత, కొన్నిసార్లు వేల ఏళ్ల విరామంతో, మరొక పొర దాని మీదికి వచ్చింది. లావా చిక్కగా ఉంటే ముఖం చుట్టూ పేరుకొని కొండగా ఎదుగుతుంది, పలుచగా ఉంటే మైదానంగా పరుచుకుంటుంది. అందువల్ల ఇక్కడ వెతకవలసినది శిఖరాన్ని కాదు, సమతలంగా ఉన్న గుట్ట నెత్తిని, మెట్లు మెట్లుగా దిగే దాని పక్కలను. ఆ చీలికల్లోనే గడ్డకట్టిన శిల నేడు మహారాష్ట్రలోని పడమటి కనుమల ప్రాంతంలోనూ, నర్మదా లోయలోనూ నిలువు గోడల రూపంలో పెద్ద సంఖ్యలో కనబడుతుంది.

జూబ్లీహిల్స్ గుండ్లు, గోల్కొండ రాళ్లు కూడా లావాయేనా?

కావు. అవి గ్రానైట్. భూమి లోతుల్లో శిలాద్రవం బయటికి రాకుండానే నిదానంగా చల్లారడం వల్ల వాటిలో తెలుపు, గులాబీ, నలుపు రంగుల స్ఫటికాలు కంటికి కనిపించేంత పెద్దవిగా ఎదిగాయి. వాటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. లావా వచ్చే నాటికే మన గ్రానైట్ బయటపడి, గాలికీ వానకూ అరిగి, ఎత్తుపల్లాల పాత నేలగా ఉండేది. దాని మీదికి లావా వచ్చింది. కాబట్టి చేవెళ్ల, వికారాబాద్ మధ్య గ్రానైట్ మీద బసాల్ట్ కూర్చున్న చోట నిలబడితే, మీ పాదాల కింది రాయికీ పక్కనున్న రాయికీ మధ్య దాదాపు 240 కోట్ల ఏళ్ల ఎడం ఉంటుంది. ఇంత తక్కువ దూరంలో ఇంత పెద్ద కాలవ్యవధిని కళ్లకు కట్టే చోట్లు అరుదు. పాఠశాల పిల్లలను మొదట తీసుకువెళ్లవలసినది ఇటువంటి చోటికే అని మా గట్టి అభిప్రాయం.

ఆ అంచు ఎక్కడ మొదలవుతుంది? శాస్త్రం చదవనివారు దానిని ఎలా గుర్తించాలి?

మెహిదీపట్నం నుంచి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వికారాబాద్ వెళ్లే దారిలో ప్రయాణిస్తూ కిటికీలోంచి మూడు విషయాలను గమనిస్తే చాలు. మొదటిది నేల రంగు. మొయినాబాద్ వైపు ఇసుక కలిసిన ఎర్ర చెల్క నేలలు కనిపిస్తాయి. చేవెళ్ల దాటుతున్న కొద్దీ మధ్య మధ్య నల్లరేగడి మడులు మొదలై క్రమంగా వాటిదే పైచేయి అవుతుంది. రెండవది గుట్ట ఆకారం. గ్రానైట్ గుట్ట గుండ్రంగా, విడివిడి బండలతో ఉంటుంది. లావా గుట్ట మాత్రం పైన చదునుగా, దూరం నుంచి చూస్తే గీత గీసినట్టు ఉంటుంది. ఇరుగుపొరుగు గుట్టల నెత్తులు ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండటం కూడా గమనించవచ్చు, ఎందుకంటే అవన్నీ ఒకప్పటి ఒకే పీఠభూమి నుంచి వాగులు కోసి విడదీసిన ముక్కలు. మూడవది ఊళ్లలోని పాత గోడలు. పూర్వం రాళ్లను దూరం నుంచి తెచ్చుకునే అలవాటు తక్కువ కాబట్టి ఊరి కింద ఏ రాయి ఉందో ఆ ఊరి గోడలే చెబుతాయి. నగరం వైపు గ్రానైట్ గోడలు, వికారాబాద్ వైపు నల్లరాతి గోడలు, జహీరాబాద్ వైపు ఎర్రరాతి ఇటుకల గోడలు, తాండూరు చేరితే సున్నపురాతి బండల గోడలు ఎదురవుతాయి.

ఒక జాగ్రత్త అవసరం. నల్లరేగడి కనిపించిన ప్రతి చోటా కింద బసాల్ట్ ఉంటుందని అనుకోరాదు. నీటితో కొట్టుకువచ్చి పల్లంలో పేరుకున్న రేగడి గ్రానైట్ మీద కూడా ఉంటుంది. పటాన్‌చెరులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ ఆవరణలో ఎర్రనేల, నల్లనేల రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మెట్ట పంటల పరిశోధనకు ఆ రెండు నేలలూ ఒకే చోట దొరకడం ఎంతో అనుకూలించింది. కాబట్టి నేలను చూసి ఊహించాలి, బావి గోడనో వాగు ఒడ్డునో చూసి నిర్ధారించుకోవాలి.

ఈ లావా పొరల మందం ఎంత?

పడమర నుంచి తూర్పుకు వచ్చే కొద్దీ తగ్గిపోతుంది. మహారాష్ట్రలో అత్యున్నతమైన కల్సూబాయి శిఖరం 1,646 మీటర్ల ఎత్తున ఉంది, అది ఆసాంతం ఈ లావాయే. పడమటి కనుమల్లో, 1967 డిసెంబరు 11న భూకంపం వచ్చిన కొయ్నా ప్రాంతంలో శాస్త్రవేత్తలు లోతైన బోరు వేసినప్పుడు, సుమారు 930 మీటర్ల బసాల్ట్ దాటిన తరువాత గ్రానైట్ తగిలింది. 1993 సెప్టెంబరు 30న భూకంపంతో నేలమట్టమైన లాతూరు జిల్లా కిల్లారి వద్ద హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ చేసిన తవ్వకంలో అదే మందం 338 మీటర్లుగా తేలింది. మన వైపుకు వచ్చేసరికి పొరలు ఇంకా పలుచబడి, చివరకు గ్రానైట్ మీద అక్కడక్కడ మిగిలిన ముక్కలుగా ముగుస్తాయి. అంచున పొర పలుచగా ఉండటమే ఈ ప్రాంతపు విశిష్టత. కొయ్నాలో యంత్రంతో కిలోమీటరు తవ్వితే తప్ప కనబడని లావా అడుగుభాగం, ఇక్కడ కాలినడకన వాగులోకి దిగితే కనబడుతుంది.

వీటిని చూడటానికి శరదృతువునే ఎందుకు ఎంచుకోవాలి?

నైరుతి రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు నడిమికల్లా తెలంగాణ నుంచి వెనుదిరుగుతాయి. అప్పటికి నాలుగు నెలల వాన గుట్టల ముఖాలను కడిగి ఉంటుంది. వేసవిలో దుమ్ము పేరుకొని అంతా ఒకే బూడిద రంగులో కనిపించే రోడ్డు కోతలు, బావి గోడలు ఈ కాలంలో తమ అసలు రంగులను చూపుతాయి. తడిసిన బసాల్ట్ చిక్కని నలుపుతోనూ, రెండు లావా పొరల మధ్య చిక్కుకున్న పాతమట్టి ఇటుక ఎరుపుతోనూ, సుద్దరాళ్లు తెల్లగానూ విడివిడిగా తెలుస్తాయి. గాలిలో ధూళి తక్కువ కనుక అనంతగిరి మీద నుంచి చూస్తే దూరపు గుట్టల చదును నెత్తులు కూడా తేటగా కనిపిస్తాయి. ఉదయం పూట పల్లపు పొలాల మీద మంచు తెర నిలిచినప్పుడు ఎత్తు ప్రదేశాలు మాత్రమే పైకి తేలి, పీఠభూమిని వాగులు ఎక్కడెక్కడ కోశాయో పటం చూసినంత స్పష్టంగా అర్థమవుతుంది.

మొక్కలు కూడా ఈ కాలంలోనే నేల సంగతి చెబుతాయి. లోతు తక్కువైన రాతినేల మీద తంగేడు పసుపుపచ్చగా పూస్తుంది. చేల గట్లలోనూ బీళ్లలోనూ గునుగు తెల్లగా, లేత గులాబీగా లేస్తుంది. వాగుల వెంబడి ఇసుక మేట వేసిన చోట రెల్లు వెన్నులు వేస్తుంది. మహాలయ అమావాస్య నాటి ఎంగిలి పూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ వరకు ఊళ్లలో పేర్చే పువ్వులను శ్రద్ధగా చూసినవారికి, ఆ ఊరి చుట్టూ ఎటువంటి నేల ఉందో చాలావరకు తెలిసిపోతుంది. గుట్టల నెత్తిన ఎర్రరాతి పలుచని మట్టిలో పెరిగిన గడ్డి కార్తీకం నాటికి బంగారు రంగుకు తిరుగుతుంది, అదే సమయంలో కింది రేగడి పొలాలు ఇంకా ముదురు పచ్చగా ఉంటాయి. పై గడ్డికీ కింది పైరుకూ మధ్య ఉన్న ఆ రంగుల సరిహద్దు అనేక చోట్ల రాతి సరిహద్దును అనుసరించి సాగుతుంది. ఏడాదిలో మరే నెలలోనూ ఇది ఇంత సులువుగా కంటబడదు.

అనంతగిరి అడవిలో శరత్కాలంలో ఆకులు రంగు మారి రాలుతాయా?

రాలవు. మనవి ఎండాకాలానికి ముందు ఆకు రాల్చే అడవులు. ఆకురాలుపు ప్రధానంగా శిశిరంలో, అంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరుగుతుంది, మోదుగు పూసేది కూడా అప్పుడే. చల్లని దేశాల ఛాయాచిత్రాలను చూసి అక్టోబరులో ఎర్రబారిన అడవిని ఆశించి రావద్దు. ఇక్కడి శరత్తు పచ్చగానే ఉంటుంది.

గుట్ట పైన ఎర్రరాయి, కింద నల్లరాయి ఎందుకు ఉంటాయి?

పైన ఉన్నది లాటరైట్. అది వేరే చోటి నుంచి వచ్చి పడిన రాయి కాదు, కింది నల్లరాయే మారి ఎర్రరాయి అయింది. వేడి, తేమ ఎక్కువగా ఉన్న కాలంలో లక్షల ఏళ్ల పాటు వాననీరు బసాల్ట్‌లోకి ఇంకుతూ అందులోని సిలికా, సున్నం, సోడియం, మెగ్నీషియంలను కరిగించి తీసుకుపోయింది. కరగని ఇనుము, అల్యూమినియం మిగిలిపోయాయి. ఆ ఇనుము తుప్పు పట్టడం వల్లనే ఆ రంగు. నేలలో ఉన్నప్పుడు కొంత మెత్తగా ఉండి, కోసి ఎండబెడితే గట్టిపడటం లాటరైట్ ప్రత్యేక గుణం. అందువల్లనే జహీరాబాద్, బీదర్ ప్రాంతాల్లో దానిని ఇటుకలుగా కోసి ఇళ్లు కట్టుకున్నారు. సిమెంటు తయారీలో కూడా దానిని వాడతారు కనుక గుట్టల నెత్తులను యంత్రాలతో చెక్కివేయడం నేడు కొన్ని చోట్ల కనిపిస్తుంది. లక్షల ఏళ్లలో ఏర్పడిన ఆ కప్పును ఒకసారి తొలగిస్తే, దాని కింద నీటిని పట్టి ఉంచే ఏర్పాటు కూడా దానితో పాటే పోతుంది. ఈ నష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం మాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

నీటి సంగతి కొంత వివరంగా చెప్పాలి. లాటరైట్ నిండా గుల్లలు, సొరంగాలు ఉంటాయి కాబట్టి వాన నేరుగా లోపలికి ఇంకుతుంది. కింద జిగురు మట్టిగా మారిన పొర, దాని కింద గట్టి బసాల్ట్ అడ్డుపడటంతో ఆ నీరు పక్కకు తిరిగి గుట్ట వాలు మీద ఊటగా బయటపడుతుంది. బహమనీ సుల్తానుల కాలంలో బీదర్‌లో తవ్విన కరేజ్ అనే భూగర్భ కాలువలు ఈ రెండు రాళ్ల కలయికను ఆధారం చేసుకొని నీటిని ఊరికి చేర్చాయి. బీదర్ కోట చుట్టూ ఉన్న కందకాన్ని ఆ ఎర్రరాతిలోనే తొలిచారు. మన ప్రాంతం నుంచి ఎంతోమంది భక్తులు దర్శించుకునే బీదర్ ఝరణీ నరసింహస్వామి క్షేత్రంలో గుహ మార్గం పొడవునా ఛాతీ లోతు వరకు నీరు నిలిచి ఉండటం చూసినవారికి, ఆ గుట్టలు తమలో ఎంత నీటిని దాచుకుంటాయో వేరుగా చెప్పనవసరం లేదు.

మూసీ నది అనంతగిరిలోనే పుట్టడానికి ఈ రాళ్లతో సంబంధం ఉందా?

ఉంది. పైన చెప్పిన ఊటలే అనంతగిరి వాగులకు వాన ఆగిన తరువాత కూడా కొంతకాలం ప్రాణం పోస్తాయి. అనంతపద్మనాభస్వామి ఆలయం వద్ద కార్తీక మాసంలో జాతర జరిగే నాటికి ఆ నీటి జాడలు అడవిలో ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. అక్కడి నుంచి తూర్పుకు పారే మూసీ లావా నేలను విడిచి గ్రానైట్ నేలలోకి ప్రవేశించి, గండిపేట మీదుగా నగరంలోకి వస్తుంది. 1908 సెప్టెంబరు 28 నాటి మహా వరద కూడా ఈ ఋతువులోనే వచ్చింది. ఆ విపత్తు తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు) 1920లోనూ, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. గండిపేట నీటితో పెరిగిన నగరవాసి అనంతగిరి గుట్టల గురించి తెలుసుకోవడం అదనపు ఆసక్తి కాదు, తన ఇంటి నీటి పుట్టుపూర్వోత్తరాలను తెలుసుకోవడమే.

రోడ్డు కోతలోనో పాడుబడిన క్వారీలోనో నిలబడితే ఏమేమి చూడాలి?

కింది నుంచి పైకి చూడండి. ఒక లావా పొర నడిమి భాగం గట్టిగా, సన్నని రేణువులతో, నిలువు పగుళ్లతో ఉంటుంది. చల్లారుతూ కుంచించుకుపోవడం వల్ల ఆ పగుళ్లు ఏర్పడతాయి. చల్లారడం సమంగా సాగిన చోట అవి అయిదారు పలకల స్తంభాలుగా తీరుతాయి. ముంబయి అంధేరీలోని గిల్బర్ట్ హిల్ దీనికి పేరుపొందిన ఉదాహరణ. పొర పైభాగానికి వెళ్లే కొద్దీ చిన్న చిన్న గూళ్లు కనిపిస్తాయి. లావాలోని వాయువులు పైకి లేచి, బయటపడేలోపే రాయి బిగుసుకుపోవడంతో మిగిలిన బుడగల ఖాళీలు అవి. తరువాతి కాలంలో భూగర్భజలం ఆ ఖాళీల్లో తెల్లని జియోలైట్లు, కాల్సైట్, స్ఫటికం, చారల అకీకు రాయి వంటివి నింపింది. దున్నిన రేగడి చేలలో మెరిసే చిన్న రాళ్లు చాలావరకు ఇలా గూళ్ల నుంచి విడివడినవే, ఎందుకంటే చుట్టూ ఉన్న బసాల్ట్ కుళ్లి మట్టి అయినా అవి మట్టి కావు.

రెండు పొరల మధ్య అడుగో రెండడుగులో మందంతో ఎర్రని పట్టీ కనిపిస్తే అక్కడ తప్పక ఆగండి. కింది లావా చల్లారి, దాని మీద నేల ఏర్పడేంత కాలం గడిచి, ఆ నేల మీదికి మళ్లీ లావా వచ్చి దానిని కాల్చివేసిందనడానికి ఆ పట్టీ సాక్ష్యం. ఇక కోత పైభాగంలో రాయి గుండ్లుగా విడిపోయి, ఒక్కో గుండు ఉల్లిపాయ పొరల మాదిరిగా ఊడివస్తూ ఉంటుంది. మూలల మీద నీరు, గాలి రెండు మూడు వైపుల నుంచి పనిచేయడంతో పలకల రాయి క్రమంగా గుండ్రబడి, చివరకు రోడ్లకు వేసే మొరంగా మారుతుంది.

నాస్కల్ అనే ఊరి పేరు శాస్త్రగ్రంథాల్లో ఎందుకు కనిపిస్తుంది?

హైదరాబాద్‌కు పడమరగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, పరిగి వైపున ఉన్న ఈ చిన్న గ్రామం వెన్నెముక గల జీవుల చరిత్రలో ముఖ్యమైన చోటు. లావా ప్రవాహాల మధ్య విరామాల్లో పల్లపు ప్రదేశాల్లో కుంటలు ఏర్పడి, వాటిలో బురద, సున్నపు మట్టి పేరుకున్నాయి. తరువాతి లావా వాటిని కప్పి భద్రపరచింది. నాస్కల్ వద్ద అటువంటి పొరలోని మట్టిని నీటితో కడిగి, జల్లెడ పట్టి వెతికిన జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని అతి చిన్న దంతాలను కనుగొన్నారు. 1988లో వారు ఆ జీవికి దక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. భారతదేశంలో క్రెటేషియస్ యుగానికి చెందిన క్షీరదం దొరకడం అదే మొదటిసారి. ఎలుక పరిమాణంలో ఉండే ఆ జంతువు డైనోసార్ల చివరి కాలంలో, లావా చల్లారిన నేల మీద కుంటల పక్కన జీవించింది. అదే పొరలో చేపలు, కప్పలు, బల్లులు, మొసళ్ల శేషాలు కూడా దొరికాయి.

ఈ ఒక్క విషయం లావా కాలం గురించి మన ఊహను మార్చివేయాలి. నేలంతా నిప్పుల సముద్రంగా ఉండిపోయిన కాలం కాదది. ఒక ప్రవాహానికీ మరొక ప్రవాహానికీ మధ్య గడ్డి, చెట్టు, నీరు, కప్ప, చేప అన్నీ తిరిగి వచ్చేంత తీరిక దొరికింది. ప్రపంచ శాస్త్రవేత్తలు పటంలో వెతుక్కొని వచ్చే ఈ ఊరి పేరు మన పాఠ్యపుస్తకాల్లో ప్రముఖంగా ఉండాలని మేము కోరుకుంటున్నాము. పరిగి దారిలో వెళ్లే ప్రతి బస్సు ప్రయాణికుడికీ అది తెలిసి ఉండాలి.

డైనోసార్లు అంతరించిపోవడానికి ఈ లావాయే కారణమా?

మెక్సికోలోని చిక్షులుబ్ వద్ద భారీ ఉల్క పడటమే ప్రధాన కారణమని నేడు ఎక్కువమంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. అయితే దక్కన్ లావాతో పాటు గంధక వాయువులు, కార్బన్ డయాక్సైడ్ భారీగా వెలువడి వాతావరణాన్ని అంతకు ముందే ఒడిదుడుకులకు గురిచేశాయన్నది కూడా బలమైన వాదన. 2019లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరు పద్ధతులతో లావా పొరల వయసును అతి సూక్ష్మంగా లెక్కించాయి. లావా అత్యధికంగా పొంగినది ఉల్కాపాతానికి ముందా తరువాతా అన్న విషయంలో వారి ఫలితాలు కలవలేదు. ఈ చర్చ ముగియలేదు, దానికి కావలసిన సాక్ష్యంలో కొంత భాగం మన నేలలోనే ఉంది.

బిర్లా సైన్స్ మ్యూజియంలోని డైనోసార్ ఈ లావా కాలానిదేనా?

కాదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి వద్ద దొరికిన ఆ కోటాసారస్ జురాసిక్ యుగానిది. అది తిరిగిన కాలానికీ లావా వచ్చిన కాలానికీ మధ్య 10 కోట్ల ఏళ్లకు పైగా తేడా ఉంది.

రాజమహేంద్రవరం దగ్గర కూడా ఇదే లావా ఉందని విన్నాము. అంత దూరం ఎలా చేరింది?

నిజమే. గోదావరికి ఇరువైపులా, కాతేరు వద్దా, దేవరపల్లి మండలం గౌరీపట్నం వద్దా నల్లరాయి బయటపడుతుంది. అక్కడి క్వారీల నుంచి వచ్చే నల్ల కంకర గోదావరి జిల్లాల రోడ్లకు, ఇళ్లకు చిరపరిచితం. ప్రధాన లావా భూమికీ దానికీ మధ్య వందల కిలోమీటర్ల మేర లావా లేదు. అయినా రసాయన కూర్పు, వయసు, అయస్కాంత లక్షణాలు పడమటి కనుమల్లోని కొన్ని పొరలతో సరిపోలడం వల్ల, లావా నాటి నదీలోయల వెంబడి దాదాపు 1,000 కిలోమీటర్లు ప్రవహించి తూర్పు తీరాన్ని చేరిందని పలువురు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. అదే నిజమైతే అది భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఒకటి అవుతుంది. అక్కడ లావా పొరల మధ్య సముద్రపు, ఉప్పుటేటి జీవుల శిలాజాలు ఉన్నాయి. మన నాస్కల్ పొరలో మంచినీటి జీవులు, అక్కడ ఉప్పునీటి జీవులు దొరకడాన్ని బట్టి నాటి తీరరేఖ ఎటువైపు ఉండేదో కూడా ఊహించవచ్చు.

లోణార్ సరస్సు ఈ లావాకు ముఖద్వారమా?

కాదు. మహారాష్ట్ర బుల్ఢాణా జిల్లాలోని లోణార్ గుంట సుమారు 1.8 కిలోమీటర్ల వ్యాసంతో ఉంది. అది ఏనాడో గడ్డకట్టిన బసాల్ట్ మీద ఉల్క పడటం వల్ల ఏర్పడింది. తీవ్రమైన ఆఘాతానికి మాత్రమే పుట్టే గాజు వంటి ఖనిజాలు అక్కడి రాళ్లలో లభించాయి.

ఈ అగ్నిపర్వత చర్య మళ్లీ మొదలయ్యే అవకాశం ఉందా?

తెలంగాణలో అటువంటి భయం అక్కరలేదు. ఆ లావాకు మూలమైన వేడి భూగర్భంలో ఇప్పుడు మన కింద లేదు. నాడు భారత భూఖండం భూమధ్యరేఖకు దక్షిణాన ఉండేది. బసాల్ట్ గడ్డకట్టేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు నాటి భూ అయస్కాంత దిశను తమలో నిలుపుకుంటాయి, 1950లలో ఆ దిశను కొలిచినప్పుడే ఈ విషయం వెల్లడైంది. తరువాత భూఖండం ఉత్తరానికి జరిగింది. ఆ వేడి మూలం నేడు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి కింద ఉందని, అక్కడ ఇప్పటికీ లావా పొంగుతోందని ఎక్కువమంది అంగీకరించిన వివరణ. మన దేశంలో ప్రస్తుతం చురుకుగా ఉన్న అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి ఒక్కటే.

లావాకూ తాండూరు కందికీ, రేగడి పంటలకూ సంబంధం ఏమిటి?

బసాల్ట్ కుళ్లినప్పుడు నీటిని పీల్చి ఉబ్బే జాతి బంకమన్ను ఏర్పడుతుంది. రేగడి స్వభావమంతా దానిదే. వానకాలంలో నీటిని నింపుకొని ఉబ్బుతుంది, తడి తగ్గే కొద్దీ కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. శరదృతువులో ఆ నెర్రెలు ఇంకా సన్నగా ఉంటాయి, లోపలి పదును అలాగే ఉంటుంది. ఆ పదును మీద ఆధారపడే రైతులు అక్టోబరులో సెనగ, కుసుమ విత్తుతారు, యాసంగి జొన్న కూడా ఆ తడితోనే ఎదుగుతుంది. పత్తి ఏరడం కూడా అప్పుడే మొదలవుతుంది. జూన్, జూలైలలో వేసిన కంది అక్టోబరు, నవంబరులలో పసుపుపచ్చని పూతకు వస్తుంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండే నేలలో నల్లరేగడితో పాటు అడుగునున్న సున్నపురాయి ప్రభావం కూడా ఉంది. ఆ సున్నపురాయి లావాకంటే ఎంతో పురాతనమైనది. ఇళ్లలో మనం పరుచుకునే తాండూరు, షాబాద్ బండలు దాని నుంచి తీసినవే.

పంటకు మేలు చేసే ఈ ఉబ్బే గుణమే గోడలను చీలుస్తుంది. నగరం పడమరకు విస్తరిస్తున్నందున రేగడిలో ప్లాట్లు కొనేవారు పునాది విషయంలో గ్రానైట్ నేల అనుభవాన్ని నమ్ముకోరాదు. మట్టి పరీక్ష చేయించి, అవసరమైతే రేగడి పొరను దాటి లోతుకు వెళ్లే, అడుగున వెడల్పుగా ఉండే కాంక్రీటు స్తంభాల పునాది వేయించుకోవాలి. ఇటువంటి పునాదిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ నేలల కోసమే అభివృద్ధి చేసింది.

ఎలా వెళ్లాలి, ఏమి తీసుకువెళ్లాలి, రాళ్లు తెచ్చుకోవచ్చా?

రోడ్డు మార్గం పైన చెప్పాము. రైలులో లింగంపల్లి, శంకర్‌పల్లి మీదుగా వికారాబాద్ జంక్షన్ చేరవచ్చు. అక్కడి నుంచి ఒక మార్గం తాండూరు వైపు, మరొకటి జహీరాబాద్, బీదర్ వైపు వెళుతుంది. మొదటిది సున్నపురాతి నేలకు, రెండవది ఎర్రరాతి నేలకు తీసుకుపోతుంది కనుక రెండూ వేర్వేరు రోజుల్లో చూడదగినవి. చేతిలో పట్టే భూతద్దం, నోటు పుస్తకం, నీళ్లు, గట్టి అడుగున్న బూట్లు చాలు. వాన తరువాత ఎర్రరాతి అంచులు జారుతాయి, గడ్డి ఏపుగా ఉండటం వల్ల పాములు కనబడవు. రేగడి చేనులోకి అడుగు పెట్టే ముందు రైతును అడగండి. పైకి ఖాళీగా కనిపించే మడిలో అప్పుడే సెనగ విత్తి ఉండవచ్చు. నడుస్తున్న క్వారీలలోకి పేలుడు పనుల దృష్ట్యా అసలు వెళ్లరాదు, అడవిలోకి వెళ్లేందుకు అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

దారి పక్కన రాలిపడిన చిన్న రాయి ఒకటి చదువు కోసం తెచ్చుకోవడం వేరు, గోడలోని రాయిని సుత్తితో కొట్టి తీయడం వేరు. రెండవది చేయవద్దని కోరుతున్నాము. శిలాజం అనిపించినది ఏదైనా కనబడితే దానిని కదపకుండా, పక్కన ఒక నాణెం ఉంచి ఫోటో తీసి, ఆ చోటును ఫోనులో గుర్తుపెట్టుకొని, బండ్లగూడలోని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు గానీ, ఉస్మానియా విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్ర విభాగానికి గానీ తెలియజేయండి. పొర నుంచి వేరైన శిలాజం ఏ ప్రవాహానికి కింద ఉండేదో, ఏ ప్రవాహానికి పైన ఉండేదో ఆ తరువాత ఎవరూ చెప్పలేరు.